పడుకుంటే లేవని కంప్యూటరు

నలభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. వచ్చాక కూడా చాలాకాలం ఏమీ రాయలేకపోయాను. కుడిచెయ్యి ఎప్పుడూ మౌస్ మీద ఉండేది.

మా ఆయన మస్కట్‌లో ఒక స్టోరు చూసేవారు. అక్కణ్ణించి ఇల్లు కనపడాలని ఉప్పలగుప్తంలో మా హాల్లో కంప్యూటరు పెట్టించి, దాని నెత్తిన కెమెరా బిగించారు. తీరిక దొరికినప్పుడల్లా మమ్మల్ని చూసుకునేవారు. నేను గోడవైపు తిరిగి అన్నం తినడం అలవాటు చేసుకున్నాను.

"మనం ఏం తింటున్నామో వాడికి కనపడుద్ది గానీ, వాడేం తింటున్నాడో మనకి కనపడదేంటే?" అనేవారు మా అత్తగారు.

కొన్నాళ్ళకి దానికో జబ్బు పట్టింది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర నల్లబడిపోయేది. ఆ తర్వాత మౌస్ కదిపినా, మీటలన్నీ నొక్కినా లేచేది కాదు. కింది డబ్బా మీద దీపం మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉండేది. కెమెరా కూడా ఆగిపోవడంతో వెంటనే మస్కట్ నించి ఫోన్ మోగేది.

"ఎందుకు కట్టేసేవ్?"

"నేను కట్టలేదండీ. అదే పడుకుంది."

"మిషను పడుకోడవేంటి! లేపు."

అమలాపురం మెకానిక్‌కి ఫోన్ చేశాను. "పడుకోడం దాని అలవాటేనండి. లేవకపోడవే రోగం. డబ్బా షాపుకి తెస్తే చూస్తాను. ఈలోగా దీపం ఆరేదాకా డబ్బా మీది మీట నొక్కిపట్టి, మళ్ళీ నొక్కండి. అసలు పడుకోకుండా మౌస్ కదుపుతా ఉండండి" అన్నాడు.

మా ఆయన డబ్బా కదపనివ్వలేదు. "నాలుగు రోజులు ఇల్లు కనపడకపోతే నాకిక్కడ తోచదు. ఇంట్లోనే ఉంటావు కదా, కదుపుతా ఉండు" అన్నారు.

అలా దానికి కాపలా అయ్యాను. కూర అడుగంటుతున్నా ముందు మౌస్ దగ్గరికే పరుగు. స్నానానికి వెళ్తూ అత్తగారిని కూర్చోబెడితే, ఆవిడ మౌస్ పట్టుకునే కునుకు తీసేవారు. ఫోన్ మోగుతుందేమోనని వింటూ నీళ్ళు పోసుకునేదాన్ని.

అంగన్‌వాడీలో పెద్దవాళ్ళకి జరిగే సాయంత్రం బడి మానేశాను. గుణింతాలు అయ్యాయి, ఒత్తులు మిగిలాయి. అవి రాకుండా అత్త అన్న మాటైనా రాయలేను, మా ఊరి పేరైనా రాయలేను. ఒకరోజు చదువు చెప్పే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కెమెరాని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పిన్నిగారండీ, రేపట్నించి ఒత్తులండి. నెలాఖరుకి బడి ఎత్తేస్తున్నారు. మళ్ళీ చెప్పడం కుదరదండి."

ఆయన ఫోన్ చేసినప్పుడు అడిగాను, సాయంత్రం ఒక్క గంట దాన్ని పడుకోనిద్దామని.

"ఆ గంటే నాకు తీరిక. ఈ వయసులో చదివి ఏ ఆఫీసుకెళ్తావ్?" అని నవ్వేరు.

కోప్పడి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. ఆ నవ్వు విన్నాక "ఆయ్, అలాగేనండీ" అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు బడివేళకి మౌస్ కదుపుతూ కూర్చున్నాను. పలకలు పట్టుకుని ఆడవాళ్ళు మా వీధిలోంచే వెళ్ళారు. వాళ్ళ మాటలు దూరమయ్యాయి. చెయ్యి ఆపితే చాలు, కాసేపటికి తెర నల్లబడిపోతుంది, లేచి వెళ్ళిపోవచ్చు. అది నాకు తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. బడి వదిలి వాళ్ళు నవ్వుకుంటూ వెనక్కి వచ్చేదాకా అలాగే కదుపుతూ ఉండిపోయాను.

తెల్లవారాక పొయ్యి వెలిగించలేదు. స్విచ్ ఆపి, తీగలన్నీ లాగేసి, డబ్బాని పాత చీరలో మూటగట్టాను.

"వాడు ఫోన్ చేస్తే ఏం చెప్పనే?" అన్నారు అత్తగారు.

"బాగు చేయించడానికి తీసుకెళ్ళేనని చెప్పండి."

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని అమలాపురం తీసుకెళ్ళి మెకానిక్ బల్ల మీద దింపాను.

"నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానండి" అన్నాడతను.

"తొందరేం లేదండి. నెలాఖరు దాటాక వస్తాను" అన్నాను.