ఎడమ పక్క నుంచి వచ్చిన బంతి

నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం, అనంతపురంలో నేను టెన్నిస్ నేర్పే మట్టి కోర్టులో, ఒక బంతి వచ్చి నా శిష్యురాలి ఎడమ చెంపకు తగిలింది. బంతి తగలడంలో వింత లేదు. ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నాను, ముక్కులు పగిలినవాళ్ళనూ దవడలు వాచినవాళ్ళనూ చూశాను. కానీ ఆ బంతి పక్క కోర్టులోంచి ఎత్తుగా, చాలా దూరం నుంచి వచ్చింది. తప్పుకోవడానికి బోలెడంత సమయముంది. ఇద్దరు ముగ్గురు అరిచారు. నేనూ అరిచాను. ఆ అమ్మాయి మా అరుపులు విని, ఏమిటన్నట్టు నా వైపు చూసింది. తల వంచలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. బంతి కంటి కింద ఎముకకు తగిలే చివరి క్షణం దాకా ఆమె ఎడమ కన్ను తెరిచే ఉంది. రెప్ప కూడా పడలేదు.

అది నా కళ్ళతో చూశాను. చూసిందేమిటో అర్థం కాక, బంతుల బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆమెది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. రెండేళ్ళ ముందు, మొదట పది రోజులు కంచె బయట నిలబడి మా ఆట చూసి, పదకొండో రోజు లోపలికి వచ్చింది. టెన్నిస్ మొదలుపెట్టడానికి వయసు దాటిపోయిందని చెప్పాను.

"దాటితే దాటనీ మేడం. నేనేమన్నా పెద్ద పెద్ద కప్పులు అడుగుతాండానా? ఆడుకుంటా, అంతే" అంది.

ఆరు నెలల్లో ఆమె ఎడమ పక్క బంతిని కొట్టే బ్యాక్‌హ్యాండ్ చూసి నేనే ఆశ్చర్యపోయాను. బంతి ఎంత వేగంగా వచ్చినా రాకెట్టు మధ్యలో పడేది. గొడవంతా కుడి పక్క బంతిని కొట్టే ఫోర్‌హ్యాండ్‌తోనే. నేను ఆట నేర్చుకున్నది గుంతకల్లు రైల్వే కాలనీ కోర్టులో. మా నాయన రైల్వేలో ఫిట్టరు. నాకు నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పిన మాట ఒకటే: బంతి వచ్చేలోగా ఎడమ భుజం నెట్టు వైపు తిరగాలి. అది నా ఎముకల్లోకి ఇంకిపోయింది. ఈ అమ్మాయి మాత్రం బస్సు కోసం చూస్తున్న మనిషిలా నెట్టుకు ఎదురుగా నిలబడి కొట్టేది. బంతి బాగానే పోయేది. అయినా నాకు నచ్చేది కాదు. భుజం తిప్పమని బలవంతపెడితే తిప్పేది. తిప్పిన ప్రతిసారీ బంతి జానెడు దూరంలో ఉండగానే రాకెట్టు ఊపేసేది.

"బంతిని చూడు" అని రోజుకు ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు.

"చూస్తాండా మేడం" అనేది.

ఒకరోజు వెనక నిలబడి, రెండు చేతులతో ఆమె భుజాలు పట్టుకుని తిప్పాను. ఇంకొకరోజు అందరి ముందరా, "కండ్లు హాస్టల్లో పెట్టి వచ్చినావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

బంతి తగిలిన ఆ ఉదయం ఆమెను నీడలో బెంచీ మీద కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళ సీసా చెంపకు ఆనించాను. వాపు పొంగుతోంది. చూపుకేమన్నా అయిందేమోనని ఎడమ పక్క నా వేళ్ళు రెండు పట్టి, ఎన్ని అని అడిగాను.

"ఆ కంటికి కనపడదు మేడం" అంది. ఇవాళ కుళాయి రాలేదని చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడు తగిలినందుకా?"

"కాదు. నాలుగేండ్ల పిల్లప్పటి నుంచే."

ఇంట్లో మగ్గం పక్కన ఆడుకుంటుంటే, దారం మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరి వచ్చి కంటికి తగిలిందట. పై గాయం మానిపోయింది. లోపలి పొర చినిగిపోయింది. బయటికి చూస్తే రెండు కళ్ళూ ఒకేలా ఉన్నాయి.  సీసా ఆమె చేతికిచ్చి అడిగాను.

"రెండేండ్లు నా దగ్గర ఆడినావు. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే ఆడనిస్తాంటిరా?"

ఆడనిచ్చేదాన్ని కాదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"మరి భుజం తిప్పమన్నప్పుడు?"

"తిప్పితే ముక్కు అడ్డమొస్తాది మేడం. కుడి కంటికి బంతి సగం దూరంలోనే మాయమైతాది. మీరు తిడతారని తిప్పుతాంటి. ఆ పైన అందాజుగా కొడతాంటి."

లేచి రాకెట్టు తీసుకుని కోర్టులోకి వెళ్ళాను. ఎడమ కన్ను గట్టిగా మూసుకుని, ఇన్నేళ్ళూ నేను నేర్పినట్టే భుజం తిప్పి నిలబడి, బంతులు వెయ్యమని ఇంకొక అమ్మాయితో చెప్పాను. మొదటి బంతి నెట్టు దాటడం కనిపించింది, ఆ తర్వాత మాయమైంది. రెండోది కూడా అంతే. మూడోది నా మోకాలికి తగిలింది. అక్కడే మట్టిలో కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్న నాకే ఇలా ఉంటే, ఈ అమ్మాయి రెండేళ్ళు నా తిట్ల మధ్య ఎలా ఆడింది?

కోర్టుకు నీళ్ళు చల్లే ఆవిడ పైపు కింద పెట్టి నా దగ్గరికొచ్చింది. విషయం చెప్పాను.

"నాకు ఆ పాప వచ్చిన వారమే తెల్సు మేడం. నేను ఎడం పక్క నిలబడింటే వచ్చి గుద్దుకుండె. అప్పటినుంచి ఆ పాప కనపడితే కుడి పక్కకు జరుగుతాంటి. మీకు తెలుసు గదా అనుకుంటి."

బంతి తగిలినప్పటికంటే ఈ మాటకే నాకు ఎక్కువ దిమ్మ తిరిగింది. రోజుకు రెండు గంటలు ఆమె కదలికలనే చూస్తూ ఉన్నదాన్ని నేను.

ఆ సాయంత్రం ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆమె ఇబ్బందిగా నవ్వి, "పోనీలెండి మేడం" అంది. అదే నోటితో, ఇక ఆడొద్దని కూడా చెప్పాను. ఆ బంతి కుడి కంటికి తగిలి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. మర్నాడు వాళ్ళ నాయనకు కూడా ఆ మాట చెబుదామని ధర్మవరం వెళ్ళాను.

ఆయన గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే పని ఆపాడు. బంతి సంగతి, కంటి సంగతి అన్నీ విన్నాడు. వాదిస్తాడనో, కూతుర్ని తిడతాడనో అనుకున్నాను. ఆయన చీర అంచు మీద చెయ్యి పెట్టుకునే చెప్పాడు.

"ఆ దినం మగ్గం మీద ఉన్నింది నేనే మేడం. నా చేతిలోంచే పోయినాది ఆ నాడె."

ఆయన చేతిలోని నాడెను తీసి పక్కన పెట్టాడు.

"అప్పట్నుంచి ఆ పాపను ఏదీ వద్దనేదానికి నాకు నోరు రాదు. వద్దని చెప్పాల్నంటే మీరే చెప్పండి. నన్ను చెప్పమనద్దండి."

తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని, ఎవరికి ఏం చెప్పాలో తోచక అనంతపురం చేరాను. చేరిన వెంటనే ఆమెను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పరీక్ష చేసి, పగలని గట్టి అద్దాలు పెట్టుకుంటే ఆడొచ్చన్నాడు. నేను మళ్ళీ అడిగాను. "ఆడొచ్చమ్మా, అద్దాలు మాత్రం ఒక్క పూట కూడా తియ్యగూడదు" అన్నాడు.

అద్దాలతో వచ్చిన మొదటి రోజు, "నీకు ఎట్లా తోస్తే అట్లా నిలబడు" అన్నాను. ఆమె నెట్టుకు ఎదురుగా నిలబడింది. నేను కొట్టిన బంతి తిరిగి నా పక్కనుంచి దూసుకుపోయింది. నేను రాకెట్టు కూడా కదపలేకపోయాను.

యూనివర్సిటీ జట్టు ఎంపికల్లో సింగిల్స్ రెండో మ్యాచిలోనే ఓడిపోయింది. డబుల్స్‌లో ఆమెను కోర్టు ఎడమ సగంలో నిలబెట్టాను. అప్పుడు జతగా ఆడే అమ్మాయి కుడి పక్కన, కనిపించే వైపు ఉంటుంది. ఇద్దరూ జట్టులోకి వచ్చారు.

జట్టు ఆడిన ఒక మ్యాచికి వాళ్ళ నాయన వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, సిమెంటు మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. మూడు సెట్లు ఆడి గెలిచారు. చెమటతో, అద్దాలు కూడా తియ్యకుండానే ఆమె పరిగెత్తుకొచ్చింది.

"ఎట్లాడినాను నాయనా?"

ఆయన నా వైపు చూసి, మళ్ళీ కూతురి వైపు చూశాడు.

"నేను చూడలేదు పాపా. బంతి నీ తట్టు వచ్చినప్పుడల్లా కండ్లు మూసుకుంటి."

పక్కనే కూర్చుని కూడా నేనది గమనించలేదు.  ఆమె మెట్టు మీద ఆయన పక్కన కూర్చుని, మొదటి సెట్టు మొదటి పాయింటు నుంచి ఏది ఎట్లా కొట్టిందో చేతులు ఊపుతూ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపుతూ విన్నాడు.

ఇప్పుడామె కుందుర్పి వైపు ఒక బడిలో ఆటల టీచరు. నెట్టు లేక రెండు కర్రలకు తాడు కట్టి నేర్పిస్తున్నానని పోయిన నెల ఫోన్ చేసి చెప్పింది. పాత బంతులుంటే పంపమంది. రెండు సంచులు బస్సుకు వేశాను.