ఎండలో ఒక తీగ, నీడలో ఒక తీగ

అరవైల మొదట్లో, ఒక మాఘమాసంలో నన్ను మచిలీపట్నం దగ్గర మంగినపూడికి వేశారు. హోదా జూనియర్ ఇంజనీరు. పని, నేనే డిజైన్ చేసిన యంత్రాన్ని నిలబెట్టడం. సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాలను అర మైలు ఎడంగా ఉన్న రెండు యాంటెన్నాలతో పట్టి, కేబుళ్ల ద్వారా మధ్య షెడ్డులోని రిసీవరుకు తెచ్చి కలపాలి. కలిసినదాన్ని ఒక పెన్ను కాగితం మీద అలలుగా గీస్తుంది. అల ఎక్కడ లేచిందో చూసి, తరంగం సూర్యబింబంలో ఏ భాగం నుంచి వచ్చిందో లెక్క కడతాం. ఒంటి యాంటెన్నాకు అంత సన్నని వివరం అందదు.

రెండు కేబుళ్లూ ఒకే పొడవుండాలి. అందుకని, పొడుగాటి నూలును సాగకుండా పరిచి పడుగు వేయడంలో చెయ్యి తిరిగిన పెడన నేతగాడు నాంచారయ్య గారిని పిలిపించాను. పొద్దున్నే రోడ్డు మీద పక్కపక్కన పరిచి, వేలెడు తేడా లేకుండా కోశాం. ఒకటి సరుగుడు తోట గుండా, రెండోది చౌడు నేల మీదుగా వేశాం.

పొద్దున అలలు బుద్ధిగా వచ్చేవి. మధ్యాహ్నానికి లెక్క ప్రకారం ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరిగిపోయేవి. శనివారం స్వయంగా వస్తాననీ, అప్పటికీ ఇంతే అయితే సామాను కట్టేయాలనీ మా పై అధికారి ఉత్తరం రాశారు. ఆ యంత్రం నా రెండేళ్ల కష్టం. అన్నం సయించలేదు. వాల్వులు మార్చాను, రిసీవరు మూడుసార్లు విప్పాను, కనబడ్డవాళ్లందరినీ కసిరాను.

నాంచారయ్య గారు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"మీరు పెట్టెలో వెతుకుతున్నారు గానీ ఇంజనీరు గారూ, ఒక తీగ నీడలో ఉంది, ఒకటి ఎండలో మాడిపోతోందండీ. పడుగు మేం అలా వెయ్యమండీ. బిగువు మారిపోద్ది."

"ఇది నూలు కాదండీ బాబూ, రాగి!" అని ఇంతెత్తున లేచాను.

"రాగి మాత్రం కాలదాండీ?" అన్నారాయన.

బయటికెళ్లి చౌడు మీది కేబుల్ పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. వేడికి కేబుల్లో తరంగం నడక మారుతుందని నేను చదువుకున్నవాణ్ణే. సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు రోజులు మనుషుల్ని పెట్టి, రెండింటినీ మోకాలి లోతున చల్లటి మట్టిలో పాతించాను.

శనివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అలలు చోటు తప్పలేదు. కాగితం చూసి అధికారి, ఈ ఉపాయం ఎవరిదని అడిగారు. నాంచారయ్య గారు పక్కనే మట్టి మోసిన గోనెలు మడుస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా అధికారే, ఉపాయం నాదే అనుకుని, నా భుజం తట్టి, నివేదికలో నా పేరు రాసేశారు. మరుసటి ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది.

కేబుల్ పొడవు కొలిస్తే చాలదు, అది పడుండే నేలనూ చూడాలి. ఆ తర్వాత నేను చేసిన ప్రతి డిజైన్లోనూ అది చూశాను. అడిగినప్పుడు పేరు వెంటనే చెప్పాలి. అది మాత్రం నేను చెయ్యలేదు.