కింది మంచం, అయిదో ఆఠీను

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఖతర్‌లో కట్టడాలకు పరంజా కట్టే స్కఫోల్డింగ్ పని నాది. పగలంతా ఎక్కి దిగే మోకాళ్ళకు నజ్మా అనే పేటలోని మా గదిలోనూ పైమంచమే దక్కింది. నిరుడు ఒకతను ఇంటికి వెళ్ళిపోవడంతో కింది మంచం ఖాళీ అయింది. అది నాకూ కావాలి, ఫిలిప్పీన్స్ జోయెల్‌కూ కావాలి. శుక్రవారం సెలవునాడు పోకర్ ఆడి తేల్చుకుందామన్నాడు జోయెల్. చేతిలో చెరి రెండు ముక్కలు, మధ్యలో తెరిచే అయిదు ముక్కలు ఇద్దరివీ. పందేనికి చెరో గుప్పెడు శనగలు.

మొదట తెరిచిన మూడింటిలో ఒకటి ఆఠీను. నా చేతిలోని రెండూ ఆఠీన్లే!

"కలర్ వడ్డది! మంచం నాదే!" అని అరిచి, శనగలన్నీ పందెంలోకి తోసేసి ముక్కలు పరిచేశాను. జోయెల్ నవ్వుతూ తన శనగలూ తోసి, రెండు రాజులు చూపించాడు.

ముక్కలు పంచుతున్న అమలాపురం డేవిడన్న తల పట్టుకున్నాడు. "ఇది మన మూడు ముక్కలాట కాదయ్యా! ఇందులో కలరంటే ఒకే గుర్తువి అయిదుండాలి. లేకపోతే ఆ రాజుల జతదే గెలుపు."

గదంతా ఒకటే నవ్వు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగో ముక్క తెరిచాడు. ఆఠీను! నవ్వులు ఆగిపోయాయి. పైమంచాల మీదివాళ్ళు కిందికి దూకారు. ఇంకొక్కటి పడితే చాలు. నేను డేవిడన్న చేతి మీదికి వంగి తొందరపెట్టాను.

"యల్లా అన్నా, జల్ది తియ్యి!"

డేవిడన్న చివరి ముక్క తిప్పాడు. ఆఠీను రెండు!

జోయెలే నన్ను అమాంతం ఎత్తి కింది మంచం మీద పడేశాడు.

గెలిచేశాననుకున్నప్పుడు నా గుండె నింపాదిగానే ఉంది. ముక్కలు తక్కువయ్యాయని తెలిశాకే దానికి అసలు ఆట మొదలైంది.