రోడ్డు పక్క పల్లంలో నా పేరు

ఏప్రిల్‌లో మంచు కరగడం మొదలైన వారం, మా బేస్‌మెంట్ తలుపుకి ఒక కాగితం టేపుతో అంటించి కనిపించింది. కాలేజీ నుంచి వచ్చి తాళం తీయబోతూ చూశాను. పైన మునిసిపాలిటీ ముద్ర, దాని కింద నా పూర్తి పేరు. ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం తప్పు లేదు. కెనడాలో నా పేరు అంత సరిగ్గా రాసినవాళ్ళు అప్పటిదాకా ఇమిగ్రేషన్ వాళ్ళే. అందుకే, చదవకముందే దాన్ని పీకి కోటులో దాచేశాను.

మేముండే సస్కటూన్ నగరం దాటాక పొలాల మధ్య వెళ్ళే ఒక గ్రావెల్ రోడ్డు పక్కన పల్లంలో పరుపులు, కార్పెట్ ముక్కలు, చెత్త సంచులు దొరికాయని, వాటిలో నా పేరున్న కాగితాలు ఉన్నాయని, పది రోజుల్లో మునిసిపాలిటీ నిబంధనలు చూసే బైలా ఆఫీసర్‌కి ఫోన్ చేయాలని అందులో ఉంది. చేయకపోతే ఏమవుతుందో రాసిన వాక్యం మాత్రం నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు.

మెట్లు దిగి మంచం మీద కూలబడ్డాను. నాతోపాటు ఆ గదిలో ఉండే కరీంనగర్ అమ్మాయి కాఫీ షాపు యూనిఫామ్ వేసుకుంటూ ఆగింది.

"ఏమైందే? మొఖం గట్లెందుకు పెట్టినవ్?"

కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"ఇది అక్టోబర్ల పడేసిన సామాన్ కదనే? నల్లులు పడ్డప్పటిది?"

అప్పుడు గుర్తొచ్చింది. అక్టోబరులో మా పరుపులకు నల్లులు పట్టాయి. మెడ నిండా దద్దుర్లతో క్లాసుకు వెళ్ళేదాన్ని. పైఅంతస్తులో ఉండే ఇంటి ఓనరు అంకుల్ "ఎవరికీ చెప్పకండమ్మా, పరువు పోద్ది" అని బతిమాలి, ఎవరిదో ట్రైలర్ అడిగి తెచ్చి తన కారుకు తగిలించాడు. పరుపులు మేమే మోసి ఎక్కించాం. కంగారులో నా సామాను కూడా సంచుల్లో కుక్కాను. ఆఫర్ లెటర్ జెరాక్సులు, అమ్మ కారప్పొడులు పంపిన అట్టపెట్టె, అన్నీ. అంకుల్ వాటిని ఊరి చెత్త వేసే డంప్‌కు తీసుకెళ్ళాడనే అనుకున్నాం. వారం తిరక్కుండా మంచు పడింది. ఆర్నెల్లు అన్నింటినీ కప్పేసింది.

మా ఊళ్ళ నుంచి పిల్లలు తండోపతండాలుగా కెనడా వస్తున్న ఏళ్ళవి. ఏ సందేహమొచ్చినా వాట్సాప్ గ్రూపే మాకు దిక్కు. నా పేరు పెట్టకుండా ఆ అమ్మాయి గ్రూపులో అడిగింది. గంటలో ఇరవై జవాబులొచ్చాయి. స్టడీ పర్మిట్ క్యాన్సిల్ చేస్తారని ఒకరు, పీఆర్, అంటే అక్కడ స్థిరపడే అనుమతి, ఇక రాదని ఒకరు, ఫోన్ ఎత్తకుండా ఊరు మారిపొమ్మని ఇంకొకరు. వాళ్ళలో ఒక్కరికీ ఏమీ తెలియదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం అన్నీ నమ్మాను. ఒకదానికొకటి పొసగని మాటల్ని కూడా.

మూడు రోజులు క్లాసుకు వెళ్ళలేదు. కిటికీ నేలమట్టానికే ఉండేది కాబట్టి బయట ఎవరు నడిచినా బూట్లే కనిపించేవి. ప్రతి జత బూట్లూ నాకోసమే వస్తున్నాయనిపించేది. నాన్న వీడియో కాల్ చేస్తే కెమెరా పనిచేయట్లేదని చెప్పాను. "గొంతేంటమ్మా అలా ఉంది?" అన్నారు. జలుబు అన్నాను.

నాలుగో రోజు ధైర్యం చేసి పైకి వెళ్ళి అంకుల్‌కు నోటీసు చూపించాను. ఆయనది మా పశ్చిమ గోదావరే. వ్యవసాయ యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. శనివారం సాయంత్రాలు ఆ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. నేను సస్కటూన్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్ళింది కూడా ఆయనే. నోటీసు చదివి కుర్చీలో కూర్చుండిపోయాడు.

"ఆ రోజు నేను డంప్‌కెళ్ళేసరికి గేటు వేసేశారమ్మా. ట్రైలర్ ఆ సాయంత్రవే ఇచ్చేయాలి. ఇంటికి తెస్తే మళ్ళీ పురుగు పాకుద్దని ఆంటీ ఒప్పుకోలా. ఏం చెయ్యను చెప్పు?"

ఆయన గొంతు తగ్గించాడు.

"నువ్వే పడేశానని చెప్పమ్మా. తెలియని స్టూడెంట్‌వి కదా, వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు. నేను సిటిజన్‌షిప్‌కి అప్లై చేసున్నాను. ఇప్పుడు నా మీద ఏదైనా పడితే పిల్లల గతేంటి?"

చెప్పి నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. నన్ను కాపాడమని, నాకు జ్ఞానం ఇమ్మని ప్రభువును వేడుకున్నాడు. చివర ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు.

కిందికి వచ్చి చెబితే కరీంనగర్ అమ్మాయికి కోపం నషాళానికి అంటింది. "జూటా మాట చెప్పకు. పడేసింది ఆయన, బద్నాం నువ్వా?" అంది. కానీ నిజం చెబితే ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఆ రోజుల్లో ఒక్క గది అద్దెకుందని తెలిస్తే ముప్పై మంది ఎగబడేవాళ్ళు. నాకు ఆఫీసరన్నా భయమే, అంకులన్నా భయమే. ఎనిమిదో రోజున కాగితం మీద వాక్యాలు రాసుకుని, వాటిని చూసి చదువుతూ ఫోన్ చేశాను. మర్నాడు పదింటికి వస్తానంది అవతలి గొంతు.

వచ్చింది ఒక యాభై ఏళ్ళ ఆవిడ. బురద అంటిన బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, మేజోళ్ళతో వచ్చి మా చిన్న టేబుల్ దగ్గర కూర్చుంది. ఫోటోలు ఒక్కొక్కటిగా పరిచింది. కరుగుతున్న మంచులోంచి పొడుచుకొచ్చిన పరుపులు. చిరిగిన సంచులు. ఆఖరి ఫోటోలో తడిసి రంగు పోయిన అట్టపెట్టె, దాని మీద పెద్దక్షరాల్లో నా పేరూ ఈ ఇంటి చిరునామా. అది నాన్న చేతిరాత. కొరియర్ వాళ్ళు పొరపడకూడదని ఒక్కో అక్షరం రెండుసార్లు దిద్దినట్టున్నారు.

సంచులన్నీ విప్పి కాగితాలు వెతకడమే తన పనిలో సగమని, ఎవరో ఒకరి కవరు దొరక్కపోదని ఆవిడ మామూలుగా చెప్పింది. తర్వాత అడిగింది, "నువ్వేనా అక్కడ పడేసింది?"

"అవును," అన్నాను.

"నీకు కారుందా?"

"లేదు."

"లైసెన్స్?"

"లేదు."

"మరి ఈ పరుపులు అంత దూరం ఎలా తీసుకెళ్ళావు?"

పైఅంతస్తులో అడుగుల చప్పుడు ఆగిపోయింది. అంకుల్ వింటున్నాడని తెలుస్తోంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "బస్సులో."

ఆవిడ నవ్వలేదు. ఫోటోలు దగ్గరికి జరిపి, నా వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేదాన్నేమో. చేతులు టేబుల్ కింద దాచుకున్నాను. ఇక ఏడుపు ఆగలేదు. నల్లులు, ట్రైలర్, మూసేసిన గేటు, అన్నీ చెప్పేశాను. చివర్లో నన్ను ఇండియాకు పంపేస్తారా అని అడిగాను.

ఇమిగ్రేషన్‌తో తమకు సంబంధం లేదంది ఆవిడ. తమకు కావలసింది పల్లం శుభ్రం కావడమంది. వారంలోగా అంతా ఎత్తి, డంప్‌లో వేసినట్టు రసీదు చూపిస్తే ఇంతటితో ఫైల్ మూసేస్తానని, లేకపోతే ఇంటి ఓనరు మీద కేసు రాస్తానని చెప్పింది. బూట్లు తొడుక్కుని ఇంటి ముందువైపుకు వెళ్ళి అంకుల్ తలుపు కొట్టింది.

ఆమె వెళ్ళిపోయాక నా భయమంతా ఆయన వైపు తిరిగింది. రెండు రోజులు పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. శనివారం ప్రార్థనకు పిలవలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన మా తలుపు దగ్గర నిలబడి, నన్ను చూడకుండా, "గ్లౌజులున్నాయా?" అన్నాడు.

అంకుల్ మళ్ళీ ఆ ట్రైలర్ అడిగి తెస్తే ముగ్గురం వెళ్ళాం. పల్లంలో మోకాళ్ళ దాకా కరిగిన నీళ్ళు. నానిన పరుపు ఎంత బరువో అప్పుడే తెలిసింది. ఒక పెద్ద ట్రక్కు మెల్లగా మమ్మల్ని దాటి, ఆగి, వెనక్కి వచ్చింది. కరీంనగర్ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దిగినాయన ఆ పొలం రైతు. మమ్మల్నీ ట్రైలర్‌నీ చూశాడు. ఇంగ్లీషులో "మీరేనా పడేసింది?" అన్నాడు. అంకుల్ తల వంచుకుని, "నేనే," అన్నాడు. రైతు ట్రక్కు లోంచి తాడు తెచ్చి పరుపుకు కట్టి పైకి లాగాడు.

ఫైల్ మూసేశారు. ఇల్లు ఖాళీ చేయమని అంకుల్ అడగలేదు. అయినా ఆ నెలాఖరున మేమే వెళ్ళిపోయాం. ఎదురుపడిన ప్రతిసారీ ఆయన చూపు తిప్పుకోవడం భరించలేకపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత పీఆర్ ఫారం నింపుతుంటే, ఎప్పుడైనా నేరం చేశారా అన్న ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. లేదు అని టిక్ పెట్టాలని నాకు తెలుసు. అయినా ఆ మునిసిపాలిటీకి మెయిల్ పెట్టి, నా పేరు మీద ఏమీ లేదని జవాబు వచ్చాకే టిక్ పెట్టాను.