బాద్ అంటే తర్వాత

మొన్న దగ్గు మందు కోసం ఆబిడ్స్‌లో ఒక మందుల దుకాణానికి వెళ్లినప్పుడు, నా పక్కన నిలబడ్డ ఒక పడుచువాడు ప్రోటీన్ పొడి డబ్బాను చేతిలో తిప్పుతూ, దీన్ని కసరత్తుకు ముందు తాగాలా తర్వాత తాగాలా అని అడిగాడు. దుకాణదారు కళ్లద్దాలు సవరించుకుని డబ్బా మీది చిన్న అక్షరాలు చదవసాగాడు. ఆ జవాబు నేను వినలేదు. నా మనసు అప్పటికే నాంపల్లి స్టేషన్ వెనుక మా పాత కిరాయి ఇంటి గడప దగ్గరికి వెళ్లిపోయింది.

నేను చిన్నపిల్లగా ఉన్న రోజులవి. మేము పల్లె విడిచి వచ్చి ఎంతో కాలం కాలేదు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల బుట్టలు మోసే నాన్నకు నడుము పట్టేయడం మొదలైంది గనుక, అన్నకు పోలీసు ఉద్యోగం వస్తే తప్ప ఇల్లు నిలబడదని అందరికీ తెలుసు. ఒకసారి ఎంపికకు వెళ్లి ఛాతీ చాలక తిరిగి వచ్చాడు. మరొక్కసారి మాత్రమే వెళ్లగలడు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

అన్నను మా వీధి చివరి తాలీంలో, అంటే కుస్తీలు నేర్పే చోట చేర్పించారు. అక్కడి ఉస్తాద్‌కు తెలుగు అంతంత మాత్రం, అమ్మకు ఉర్దూ అంతకంటే తక్కువ. ఒకనాడు వీధిలో ఎదురుపడినప్పుడు ఆయన అమ్మతో, “కస్రత్ కే బాద్ దూద్ దేనా అమ్మా” అని చెప్పి వెళ్లిపోయాడు. కసరత్తు అంటే అమ్మకు తెలుసు, దూద్ అంటే తెలుసు. మధ్యలో మాట బాదం అనుకుంది.

మార్కెట్‌లో ఎండు ఫలాల దుకాణం వాళ్లు జల్లెడ పట్టగా మిగిలిన పగిలిన బాదంపప్పును నాన్న అడిగి తెచ్చేవాడు. అమ్మ దాన్ని నానబెట్టి, పొట్టు ఒలిచి, తెల్లవారకముందే రోట్లో మెత్తగా నూరి, పాలలో కలిపి, అన్న తాలీంకు బయలుదేరేసరికి చెంబుతో గడపలో అడ్డంగా నిలబడేది.

“వచ్చినంక తాగుతనే అమ్మా” అనేవాడు అన్న.

“ఏందిరా, ఎడ్లకు ఉలవలు పెట్టకుంట నాగలి కడ్తరా? తాగి పో!”

సేద్యం చేసిన మనిషికి అంతకంటే సరైన లెక్క ఉండదు. బడి మొహం చూడకపోయినా లెక్కలు నాకై నేను నేర్చుకున్నదాన్ని కావడంతో, దారంతో అన్న ఛాతీ కొలిచి ముడివేసే పని నాకు అప్పగించారు. దారం మీద ముడి ప్రతిసారీ కాస్త ముందుకు జరుగుతూ వచ్చింది. అది చూసి అమ్మ చెంబు మరింత నిండుగా పట్టింది. అన్న మాత్రం పరుగు సాధన నుండి వచ్చినప్పుడల్లా పక్కటెముకల కింద చేయి అదిమిపెట్టుకుని కూర్చునేవాడు. దారం పెరుగుతుంటే మనిషి ఎందుకు వాడిపోతున్నాడో నా లెక్కకు అందక భయం వేసేది.

ఎంపిక రోజున అమ్మ పాలు చిక్కగా కాచింది. అన్న ఒక్క గుక్కలో తాగి, ఆమె కాళ్లకు మొక్కి, నాన్న వెంట వెళ్లాడు. ఛాతీ కొలతలో నెగ్గాడట. పరుగులో కూడా చివరి మలుపు వరకు ముందు వరుసలోనే ఉండి, అక్కడ పక్క పట్టుకుని కూలబడి, తాగిందంతా కక్కేశాడట. ఇంటికి వచ్చి నాన్న చెప్పింది అంతే. అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు ఉస్తాద్ వచ్చాడు. అమ్మ ఏడుస్తూ, మీరు చెప్పినట్టే బాదం దూద్ పోస్తి గదా అంది.

“బాదం నేను అనలే అమ్మా. బాద్ అన్న. బాద్ అంటే తర్వాత.” ఆపైన అన్న వైపు తిరిగి, “ఖాళీ కడుపుతోని రమ్మని నీకు రోజూ చెప్తి గదా బేటా?” అన్నాడు.

“నీకు తెలుసారా? మరి నాకెందుకు చెప్పలే?” అని అమ్మ అడిగితే అన్న, “చీకట్ల కూసోని నూరుతుంటివి గదనే... ఎట్ల చెప్పాలె?” అన్నాడు.

ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కూడికలో ఏ అంకె ముందు వేసినా మొత్తం మారదు. ముందు తాగినా తర్వాత తాగినా ఆ పాలు అన్న ఒంటికి పట్టాయి, దారం అబద్ధం చెప్పలేదు. కానీ పరుగెత్తబోయే మనిషి కడుపుకు కూడిక రాదు.

అన్న అఫ్జల్‌గంజ్‌లో ఒక కలప అడితికి కాపలాదారుగా కుదిరి, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ సంగతి ఎత్తితే, ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందంటాడు. అమ్మ మాత్రం మళ్లీ బాదం ముట్టలేదు. చివరి రోజుల్లో దవాఖానలో నర్సు మాత్ర చేతిలో పెట్టినప్పుడల్లా గుప్పిట మూసుకుని, “బువ్వకు ముందా, బాదా? జర మంచిగ చెప్పు బిడ్డా” అని రెండేసిసార్లు అడిగేది. ఆమె తప్పు లేకుండా నేర్చుకున్న ఉర్దూ మాట అదొక్కటే.

తాలీం ఉన్న చోట ఇప్పుడు సైకిళ్ల దుకాణం ఉంది. ముందో తర్వాతో డబ్బాల మీద అచ్చు వేసి అమ్ముతున్నారు. పొరబడే అవసరం ఇక ఎవరికీ లేదు, మంచిదే. డబ్బా చంకన పెట్టుకుని ఆ పడుచువాడు తేలికగా మెట్లు దిగి వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంటికి వెళ్లాక తన పొడి తానే కలుపుకుంటాడు కాబోలు. చెంబు పట్టుకుని గడపలో అడ్డం నిలబడేవాళ్లు అతనికి ఎవరైనా ఉన్నారో లేదో.