ముక్కు మీద నురుగు

నేను పనిచేసే ప్రయోగశాలలో నురుగును కొలుస్తాం. సబ్బు కలిపిన నీటిని మూడడుగుల ఎత్తు నుంచి గాజు గొట్టంలోకి ధారగా వదిలి, నురుగు ఎంత ఎత్తు లేచిందో వెంటనే ఒకసారి, ఐదు నిమిషాలు గడిచాక మరొకసారి రాసుకుంటాం. రెండు అంకెలకూ తేడా ఎంత తక్కువైతే ఆ నురుగు అంత గట్టిది. పోయిన నెల పరీక్షకు వచ్చిన నమూనాల్లో ఒక గుండ్రటి షేవింగు సబ్బు ఉంది. మూత తీయగానే చౌకరకం గంధపు వాసన, దాని వెనకే సన్నగా కర్పూరం ఘాటు. మొదటి అంకె రాశాను. రెండోది రాయవలసిన సమయానికి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఖాళీగా వదిలేసిన గడి అదొక్కటే.

తొంభైల నడిమి సంవత్సరాల్లో మేము నరసాపురానికి ఇవతల, కాలవ లాకుల పక్కన అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అరుగుకూ లాకు గోడకూ మధ్య నలభై అడుగులు మించి ఉండేది కాదు; తలుపులెత్తిన రోజున ఆ నీటి హోరులో వంటింట్లోంచి అమ్మ పిలిచినా వినపడేది కాదు, చలికాలం ఉదయాల్లో కాలవలో గుర్రపుడెక్క మొక్కలు కుళ్ళిన వాసనా, రైసు మిల్లు ఊక పొగా, మా నాన్నమ్మ నమిలే తమలపాకు ఘాటూ కలిసి అరుగు మీదే పేరుకునేవి. నాన్నగారు నీటిపారుదల సెక్షను ఆఫీసులో గుమస్తా. మొదటి బస్సు హారను వినపడగానే కిటికీ ఊచకు అద్దం తగిలించి, పీట వాల్చుకుని, రోజూ గడ్డం గీసుకునేవారు.

నురుగు తీయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. పళ్ళు తోముకుని వచ్చేలోగా బ్రష్షు ఇత్తడి గ్లాసులో, వేణ్ణీళ్ళలో నానుతూ ఉండాలి. దాన్ని బయటికి తీసి రెండుసార్లే విదిలించాలి. మూడోసారి విదిలిస్తే కుచ్చు ఆరిపోతుంది, అసలు విదిలించకపోతే సబ్బు పలచబడి చెంప మీదినుంచి జారిపోతుంది. తరవాత సబ్బు మీద తొందర లేకుండా గుండ్రంగా తిప్పడం. మొదట పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, వాటిని చూసి మోసపోకూడదనేవారు. చెంప మీద పెట్టి, ఒక్కొక్క చుక్కే నీళ్ళు తాకిస్తూ తిప్పుతూ ఉంటే బుడగలు చిన్నవై, ఇంకా చిన్నవై, చివరికి కంటికి కనపడకుండా పోయి గట్టి మీగడ మిగిలేది. నీళ్ళు మాత్రం కాలవవే అయి ఉండాలి, పటిక తిప్పి తేర్చినవి. మొగల్తూరు అవతల సముద్రమే కనుక మా బోరు నీళ్ళు ఉప్పన. వాటిలో సబ్బు విరిగిన పాలలా తరకలు కట్టేది. కారణం నేను కాలేజీలో చదువుకున్నాను. ఆయనకు కారణం అక్కరలేదు, తరకలు చూశారు కనుక.

ఆఖరున బ్రష్షు కొసతో ఒక చుక్క నా ముక్కు మీద పెట్టేవారు. గడ్డం పూర్తయ్యేదాకా నేను నవ్వకూడదు, తుమ్మకూడదు. అప్పటికీ చుక్క నిలిచి ఉంటే ఆ పూట నురుగు బాగా వచ్చినట్టు. పిల్లకి కోతివేషం వేస్తున్నాడని నాన్నమ్మ రోజూ విసుక్కునేది, రోజూ చూడ్డానికి వచ్చేది.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా అమ్మకు నెల తప్పింది. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా మగవాడు కత్తి పట్టకూడదని నాన్నమ్మ ఆ రోజే అద్దం తీసి బీరువా మీద పెట్టేసింది. మా వైపు మాసిన గడ్డంతో ఎవరైనా కనపడితే అయ్యప్ప మాలా, లేక ఇంట్లో విశేషమా అని రెండే అడుగుతారు. లాకు తలుపులు తిప్పే లస్కరు రోజూ మా అరుగు ముందు సైకిలు దిగి, "ఏంటండీ గుమస్తాగారూ, గెడ్డం చూస్తే ఆరో నెల్లా ఉందండి," అనేవాడు. నాన్నగారు సిగ్గుపడి కాగితాలు సర్దుకునేవారు. ఆ గడ్డం గుచ్చుకుంటుందని నేను ఆయన దగ్గర పడుకోవడం మానేశాను.

మే నెలలో ఎప్పటిలాగే కాలవలు కట్టేశారు. బురద ఎండి బీటలిచ్చింది, చేపల నీచు వాసన గదుల్లోకి వచ్చింది, వీధి పొడుగునా ఆవకాయ కోసం మామిడికాయలు పగలగొడుతున్న కత్తిపీటల చప్పుడు. ఆ ఉక్కలో నాన్నగారి గడ్డం కింద సెగ్గడ్డలు లేచి చీము పట్టాయి. గడ్డం తీస్తే గాని మందు అంటదని డాక్టరు చెప్పినా ఆయన వినలేదు. మెడ తిప్పలేక, అన్నం నమలలేక, మజ్జిగ తాగి ఆఫీసుకు వెళ్ళేవారు. ఇంతలో నాన్నమ్మ పిఠాపురంలో మా మేనత్త ఇంటికి రెండు రోజుల కోసం వెళ్ళింది.

మర్నాడు పొద్దున అమ్మ అద్దం దింపింది. అప్పుడామెకు ఏడో నెల. చెరువు నుంచి కావిడితో తెప్పించుకున్న మంచినీళ్ళు ఆ రోజుల్లో గొంతు తడుపుకోవడానికే చాలేవి కావు. కుండలోంచి అరగ్లాసు ముంచి, వెచ్చబెట్టి, బ్రష్షు నానబెట్టింది. నాన్నగారు వద్దన్నారు. నాన్నమ్మకు తెలిస్తే ఊరుకోదన్నారు.

"కడుపులో ఉంది నా బిడ్డండీ. నేను చెప్తున్నాను, గీసుకోండి," అంది అమ్మ.

నురుగు ఆమే తీసింది. ఆ పని ఆమె చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు, అయినా రెండుసార్లే విదిలించింది. పుండ్లు నొప్పి పెట్టకుండా అద్దుతూ పట్టించి, మిగిలిన చుక్క నా ముక్కు మీద పెట్టింది. ఆయన గీసుకోవడం అయ్యేసరికి చాలాసేపు పట్టింది. చుక్క కదల్లేదు. అది చూసి అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

నాన్నమ్మ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. డాక్టరు చెప్పాడు, నేనే గీసుకున్నాను అన్నారు నాన్నగారు. ఆమె ఆ పూట అన్నం తినలేదు. పుండ్లు మళ్ళీ లేవకుండా నాన్నగారు ఆ తరవాత కూడా గీసుకుంటూ వచ్చారు.

జులైలో, కాలవలు నిండుగా పారుతుండగా, నరసాపురం ఆసుపత్రిలో అమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు వేసుకుందని, అది ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ నాన్నగారిని కూర్చోబెట్టి చెప్పింది. ఆయన ఆ మాటల్ని ఇంటికి తెచ్చారు గాని, వాటికి ఇంట్లో చోటు దొరకలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ముందు ఆయన నున్నటి గడ్డం వైపు చూసేవారు, తరవాత నాన్నమ్మ వైపు చూసేవారు.

"గొంతు మీద కత్తి పెట్టుకున్నావురా నాన్నా. వాడికీ అక్కడే చుట్టుకుంది," అంది నాన్నమ్మ ఒక సాయంత్రం, కోపంగా కాదు, అలిసిపోయి.

నేను నోరు తెరవబోతే నాన్నగారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఎన్నో రోజులుగా ఆయన అలాగే ఆ మాటలన్నీ తన మీద వేసుకుంటున్నారు. ఈసారి లోపలి గదిలో మంచం కిర్రుమంది. అమ్మ గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది.

"నురుగు తీసిందీ నేనే, గీసుకోమందీ నేనేనండి అత్తయ్యగారూ. ఆయన్నేం అనకండి."

నాన్నమ్మ ఆమెను ఒక్క మాటా అనలేదు. లేచి వెళ్ళి బాలింతలకు పెట్టే కాయం ముద్ద తెచ్చి, తన చేత్తో కోడలి నోట్లో పెట్టి, తల దువ్వింది. చనిపోయేదాకా ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. కాని ఆ ముద్దతోపాటు నేరాన్ని కూడా అమ్మ మింగేసిందని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. నాన్నగారు కాగితం మీద పేగు బొమ్మ గీసి, డాక్టరమ్మ చెప్పిందంతా ఎన్నోసార్లు వివరించారు. ఆమె ప్రతిసారీ తలూపి, స్టవ్వు మీద పాలు చూడ్డానికి వెళ్ళిపోయేది. ఆయన మళ్ళీ ఇంట్లో నురుగు తీయలేదు. బస్టాండు దగ్గర సెలూనుకు వెళ్ళేవారు. గ్లాసూ బ్రష్షూ కిటికీలోంచి ఏ రోజున మాయమయ్యాయో, ఎవరు తీశారో నేను అడగలేదు.

సబ్బు నమూనా చూసిన వారం తరవాత, రాజమండ్రిలో ఉన్న మా ఇంట్లో, అలాంటి సబ్బూ ఒక బ్రష్షూ కొనితెచ్చి వంటింటి గట్టు మీద నురుగు తీశాను. నాన్నగారు లోపలి గదిలో తలుపు వేసుకుని బ్యాటరీ మిషనుతో గడ్డం గీసుకుంటున్నారు. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వాసన తగిలి తలెత్తింది. లేచి వచ్చి, గిన్నెలోంచి కొంచెం నురుగు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఆ రోజూ ఇంత బాగానే వచ్చింది," అంది.

నురుగుకూ పేగుకూ సంబంధం లేదమ్మా అన్నాను. వృత్తిరీత్యా నేను రూఢిగా చెప్పగలిగిన విషయాల్లో అదొకటి. "తెలుసే," అంది అమ్మ, చేతులు రెండుసార్లు కడుక్కుని చిక్కుడుకాయల దగ్గరికి వెళ్ళింది.

ఆ మే నెల ఉదయానికి అయిన ఖర్చు అరగ్లాసు మంచినీళ్ళు, గోరంత సబ్బు. లాకుల పక్క అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. గ్లాసు పోయింది, బ్రష్షు పోయింది, నాన్నమ్మ పోయింది. పేరు పెట్టకముందే తమ్ముడు పోయాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం నేను ఆ తరవాత చూడలేదు.