సిలార్ తెడ్డు ఎత్తే చోటు

ప్రాజెక్టు కట్టినప్పుడు సిలార్ ఊరు మునిగింది. ఇల్లు, మిరప చేను, తల్లిని పూడ్చిన ఖబరస్తాన్, అన్నీ నీళ్ల కిందికి పోయాయి. సర్కారు వాళ్లు ఇళ్లనీ చేలనీ కొలిచారు గానీ ఖబరస్తాన్ వైపు టేపు చాపలేదు. మిరప మొక్కలు నాటిన చేతులతోనే సిలార్ తెడ్డేసి పుట్టి నడపడం, వల వెయ్యడం నేర్చుకున్నాడు. బతకాలి కదా మరి.

ఆ ఊరు ఖాళీ చేసి వచ్చినవాళ్లకి ఓ అలవాటుంది. పుట్టి ఖబరస్తాన్ మీదికి రాగానే తెడ్డు ఎత్తేస్తారు. పోయినవాళ్ల కోసం ఫాతిహా చదివాకే కదులుతారు. గాలివాన ముంచుకొస్తున్నా సరే, అంతే. నీళ్లలోంచి తల పైకి పెట్టిన రెండు మొండి తాటిచెట్లు వాళ్లకి గుర్తు.

ఈ ఏడు అక్కడ బోటింగ్ పెట్టారు. ఆదివారం వస్తే చిలకలూరిపేట నుంచి కార్లే కార్లు. కట్ట మీద బజ్జీల బండ్లు, సెల్ఫీల గోల. బోట్లకి అడ్డమని పుట్టీలు దింపొద్దన్నారు. చేపల వేట అక్కడితో సరి. ఇక మిగిలింది బోటు డ్రైవరు ఉద్యోగం ఒక్కటే. అదీ దక్కకపోతే ఈ వయసులో వలస పోవాలి. భార్య నస్రత్ మోకాళ్లు మిరప కోతలకి ఏనాడో మొరాయించాయి.

నడిపి చూపించమని మేనేజరు ప్రసన్నకుమార్ బోటెక్కాడు. సిలార్ చక్కగా నడిపాడు. తాటిచెట్ల దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే ఇంజను ఆపేసింది.

"ఏమైంది బాబాయ్? డీజిల్ అయిపోయిందా?"

"లేదు బాబూ. కింద మా అమ్మ ఉందండి."

ప్రసన్నకుమార్ చెడ్డవాడేం కాదు. కాసేపు నీళ్ల వంక చూశాడు. కసిరినా బాగుండేది.

"బాబాయ్, పిల్లాజెల్లా ఎక్కే బోటు ఇది. నడి నీళ్లలో ఆపి, కింద సమాధులున్నాయంటే ఇంకెవడెక్కుతాడు చెప్పు? మళ్లీ ఓ రౌండ్ కొట్టు. ఈసారి ఆపావంటే నేనేం చెయ్యలేను."

సిలార్ మళ్లీ తిప్పాడు. చెట్లు దగ్గరపడుతుంటే పళ్లు బిగపట్టాడు.

"ఇంకొంచెం స్పీడ్ పెంచు," అన్నాడు మేనేజరు.

పెంచాడు. చెట్లు వెనక్కి పోయాయి. ఎదురుగాలి మీద నెపం పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం నస్రత్ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమయ్యా, వచ్చిందా?"

"వచ్చింది."

ఎన్నాళ్ల తర్వాతో ఆమె మొహం విప్పారింది. "అంతా అత్తమ్మ దీవెన. రేపు ఆమె దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగి చదువు."

సిలార్ చెప్పులు విప్పుతూ, "అలాగేలే," అన్నాడు.